అప్పు తెచ్చుకున్న మాట

విదేశాలకు వెళ్లి వచ్చినవారిని మన ఊళ్లో మొట్టమొదట అడిగే ప్రశ్న ఒకటే: "ఎంత సంపాదించావు?" 2019లో ఆరు మాసాలపాటు అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రంలో ఉండి తిరిగివచ్చిన నన్ను కూడా బంధుమిత్రులందరూ ఆ ప్రశ్నే వేశారు. నేను చెప్పిన సమాధానం వారికి తృప్తి కలిగించలేదు. నేను ఉద్యోగానికి వెళ్లలేదు, పైచదువుకూ వెళ్లలేదు. లాభాపేక్ష లేని ఒక చిన్న స్వతంత్ర ప్రసారసంస్థలో వార్తల పని నేర్చుకోవడానికి వెళ్లాను. ఆ సంస్థ ఇచ్చిన భృతి గది అద్దెకూ, తిండికీ, రైలు టిక్కెట్లకూ సరిపోయింది. అక్కడినుండి నేను వెంట తెచ్చుకున్నది ఒక మాటను గూర్చిన జ్ఞాపకం మాత్రమే. వార్షిక సంచికకు ఏదైనా వ్రాయమని సంపాదకవర్గం వారు పూర్వవిద్యార్థినిగా నన్ను కోరినప్పుడు, ఆ మాటను గూర్చే వ్రాయాలనిపించింది.

అక్కడ నన్ను "ఇంటర్న్" అనేవారు. ఇంటర్న్ అంటే ఉద్యోగి కాదు, అలాగని కేవలం విద్యార్థీ కాదు. ఉర్దూలోని "శాగిర్ద్" అన్న మాట దీనికి చాలా దగ్గరగా ఉంటుంది. దర్జీ దుకాణంలో ఉస్తాదు కత్తిరిస్తూ ఉంటే ప్రక్కన కూర్చుని కాజాలు కుట్టే పిల్లవాడు ఎవరో, వార్తాసంస్థలో ఇంటర్న్ కూడా అతడే. ఇటువంటివారికి అమెరికా ప్రభుత్వం జె-1 అనే వీసా ఇస్తుంది. స్వదేశంలో డిగ్రీ చదువుతున్నవారు గాని, డిగ్రీ పూర్తయి పన్నెండు నెలలు దాటనివారు గాని దీనికి అర్హులు. గడువు పన్నెండు నెలలకు మించదు. నేను బి.ఏ. పూర్తి చేసిన సంవత్సరంలోనే దరఖాస్తు పెట్టాను. అప్పట్లో హైదరాబాదులోని అమెరికా కాన్సులేటు బేగంపేట పైగా ప్యాలెస్‌లో ఉండేది. ఆ నవాబుల భవనం ముందు వరుసలో నిలబడి ఉన్నప్పుడు, చేతిలోని కాగితాలకంటె మా అబ్బాజాన్ అన్న మాటే నాకు బరువుగా తోచింది. "జీతం లేని పనికి ఏడు సముద్రాలు దాటాలా బేటా?" అని ఆయన వారం రోజులపాటు అడుగుతూనే ఉన్నారు. చివరకు ఒక షరతు మీద ఒప్పుకున్నారు. "డబ్బు తేకపోయినా ఫరవాలేదు. ఏం నేర్చుకున్నావో నాకు అర్థమయ్యేట్టు చెప్పాలి."

లాభాపేక్ష లేని సంస్థ అంటే డబ్బుతో పని లేని సంస్థ అని నేను అమాయకంగా అనుకునేదాన్ని. వెళ్లిన మొదటి వారంలోనే ఆ భ్రమ తొలగింది. అక్కడా అద్దె ఉంది, విద్యుత్తు బిల్లు ఉంది, జీతాలున్నాయి. తేడా ఒక్కటే. ఖర్చులు పోగా మిగిలినదాన్ని పంచుకునే యజమానులు గాని, వాటాదారులు గాని ఉండరు. మిగిలింది మళ్లీ పనిలోకే పోవాలి. 501(సి)(3) అనే చట్టనిబంధన క్రింద ఇటువంటి సంస్థలకు ఆదాయపు పన్ను మినహాయింపు లభిస్తుంది. దానికి ప్రతిగా ఎన్నికలలో ఏ అభ్యర్థికీ అనుకూలంగా గాని, ప్రతికూలంగా గాని అవి ప్రచారం చేయరాదు. ఈ నిషేధం 1954 నుండి ఉన్నది.

మరి డబ్బు ఎక్కడినుండి వస్తుంది? వినేవారినుండి. ఈ పద్ధతికి ఆ దేశంలో పుట్టినిల్లు నేను పనిచేసిన చోటికి దగ్గరలోనే ఉన్న బర్క్‌లీ పట్టణం. రెండవ ప్రపంచయుద్ధంలో ఆయుధం పట్టనని నిరాకరించిన లూయిస్ హిల్ అనే శాంతివాది 1946లో పసిఫికా ఫౌండేషన్ స్థాపించాడు. 1949 ఏప్రిల్ 15న కె.పి.ఎఫ్.ఎ. అనే రేడియో కేంద్రం బర్క్‌లీనుండి ప్రసారాలు ప్రారంభించింది. వ్యాపారప్రకటనలు లేకుండా శ్రోతల చందాలతో నడవాలన్నది హిల్ సంకల్పం. వినగలిగినవారిలో నూటికి ఇద్దరు ఏడాదికి పది డాలర్ల చొప్పున ఇస్తే కేంద్రం నిలబడుతుందని అతడు లెక్క వేశాడు. అప్పటికి ఎఫ్.ఎం. రేడియోలు ఉన్న ఇళ్లే బహు తక్కువ. 1950 ఆగస్టులో డబ్బు చాలక ప్రసారాలు ఆగిపోయాయి. శ్రోతలు చందాలు పోగుచేయగా 1951లో ఆ గొంతు మళ్లీ వినిపించింది. అదే ఫౌండేషన్ 1970లో టెక్సాస్ రాష్ట్రంలోని హ్యూస్టన్ నగరంలో ఒక కేంద్రం పెడితే, ఆ ఏడాదిలోనే దాని ప్రసారయంత్రాన్ని దుండగులు రెండుసార్లు బాంబులతో పేల్చివేశారు. అయినా అది మళ్లీ లేచింది. గోడలు కూలినా వినేవారు మిగిలి ఉంటే రేడియో మిగులుతుందని ఈ చరిత్ర నాకు నేర్పింది.

నా పని మాత్రం ఇంత గంభీరమైనది కాదు. ధ్వనిముద్రణలు విని అందులో ఏ నిమిషాన ఎవరు ఏమన్నారో వ్రాసిపెట్టడం, ఫోను నంబర్లు వెదకడం, పేర్ల ఉచ్చారణ సరిచూడడం, కాఫీ పాత్ర కడగడం. నిధులు సేకరించే రోజుల్లో టెలిఫోను దగ్గర కూర్చోవడం కూడా నా విధుల్లో ఒకటి. ఒక సాయంకాలం ఒక వృద్ధుడు ఫోను చేశాడు. బస్సు నడిపి పదవీవిరమణ చేసినవాడినని చెప్పాడు. ఐదు డాలర్లు ఇస్తానన్నాడు. నేను వివరాలు వ్రాసుకొని కృతజ్ఞత చెప్పబోతుండగా ఆయన, "ఇంకొక సంగతి. పోయిన వారం మీరు చెప్పిన వార్తలో వీధి పేరు తప్పు. నేను ఆ వీధిలో పంతొమ్మిదేళ్లు బస్సు నడిపాను. సరిచేయండి" అన్నాడు. ఐదు డాలర్లిచ్చి ఇంత అధికారమా అని నాకు లోలోపల నవ్వు వచ్చిన మాట నిజం. కాని మా సంపాదకురాలు నవ్వలేదు. ముద్రణ తెప్పించి విన్నది. పటం తీసి చూసింది. మరునాటి ప్రసారంలో ఆ తప్పు ఒప్పుకొని సరిచేశారు. ఆమె అరవై ఏళ్లు దాటిన మనిషి, మితభాషిణి. నాతో అన్నది ఒక్క మాటే: "ఆయనే కదా మన యజమాని."

ఆ మాట నాకు పూర్తిగా అర్థం కావడానికి మరి రెండు నెలలు పట్టింది.

ఆ ప్రాంతంలో వృద్ధులను చూసుకొనే చిన్న చిన్న ఆశ్రమాలు చాలా ఉన్నాయి. మామూలు ఇంటి వంటి ఇంట్లోనే ఐదారుగురు వృద్ధులను ఉంచి, వారికి స్నానం చేయించడానికీ, తినిపించడానికీ, రాత్రిళ్లు కాపలా ఉండడానికీ ఒకరిద్దరిని పెట్టుకుంటారు. ఆ పని చేసేవారిలో ఎక్కువమంది ఇతర దేశాలనుండి వచ్చిన స్త్రీలే. వారి జీతభత్యాల మీద మా సంస్థ ఒక వార్తాకథనం తయారుచేస్తూండగా, ఫ్రీమాంట్ వైపు ఒక ఆశ్రమంలో పనిచేసి మానివేసిన ఒక హైదరాబాదు ఆవిడ సంగతి తెలిసింది. పాతబస్తీ మనిషి. ఆమెకు ఇంగ్లీషు అంతంతమాత్రం. మా కార్యాలయంలో ఉర్దూ తెలిసినది నేనొక్కదాన్నే. అందుచేత, ఇంటర్న్‌నైనా నన్నే పంపారు.

నేను "ఖాలా" అని పిలిచాను. ఆమె నన్ను "బేటా" అన్నది. కర్నూలు ఉర్దూకూ పాతబస్తీ ఉర్దూకూ ఉన్న తేడాల మీద కాసేపు నవ్వుకున్నాం. ఆపైన ఆమె తన కష్టం చెప్పుకున్నది. రాత్రింబవళ్లు అక్కడే ఉండి పనిచేసిందట. చివరి రెండు నెలల జీతం చేతికి రాలేదు. "మాలిక్ దో మైనే కా తన్ఖా రోక్ లియా" అన్నది. ఆ సమయాన ఆమె గొంతు వణికింది. ఆ వణుకు నా గుండెలోకి దిగింది.

ఆ రాత్రి కూర్చుని ఆమె మాటలను ఇంగ్లీషులోకి మార్చాను. ఆ ఒక్క వాక్యం దగ్గరకు వచ్చేసరికి, "మాలిక్ నా రెండు నెలల జీతం దొంగిలించాడు" అనే అర్థం వచ్చేట్టు వ్రాశాను. అమెరికాలో కార్మికుల పక్షాన పనిచేసేవారు ఇవ్వని జీతాన్ని "జీతాల దొంగతనం" అనే అంటారు. ఆ పదం నా చెవుల్లో అప్పటికే నాటుకుపోయింది. పైగా "ఆపాడు" అంటే చప్పగా ఉన్నది. "దొంగిలించాడు" అంటే వినేవాడు ఉలిక్కిపడతాడు. ఖాలాకు మేలు చేస్తున్నాననే అనుకున్నాను.

మరునాడు సంపాదకురాలు నా అనువాదం చదివి, ఆ వాక్యం మీద వేలు పెట్టి, "ఆమె ఏ మాట వాడింది?" అని అడిగింది. చెప్పాను. "ఆ మాటకు నిఘంటువులో అర్థమేమిటి?" అన్నది. "ఆపడం, అడ్డుకోవడం" అన్నాను. "మరి ఇది?"

నేను వాదించాను. భావం అదేనన్నాను. ఆమె ఏడ్చిందన్నాను. ఆమె జాలిగా నావైపు చూసి, "ఈ గదిలో ఆ భాష తెలిసినది నీవొక్కతెవే. నీవు ఏం వ్రాసినా మేము నమ్మవలసిందే. అందుకే అడుగుతున్నాను" అన్నది. కోపం లేకుండా అన్న ఆ మాటకు నేను సిగ్గుతో తల వంచుకున్నాను. అప్పటిదాకా ఆ గదిలో ఉర్దూ తెలిసినది నేనొక్కదాన్నేనని మనసులో గర్వపడేదాన్ని. అది గర్వకారణం కాదనీ, నామీద ఉంచిన అమానతు అనీ ఆనాడు తెలిసింది.

ఆమె రెండు పనులు చెప్పింది. ఖాలాకు ఫోను చేసి నా వాక్యాన్ని తిరిగి ఉర్దూలో చెప్పి వినిపించడం మొదటిది. ఆశ్రమం యజమానికి ఫోను చేసి ఆయన సమాధానం అడగడం రెండవది.

ఖాలా నా వాక్యం విని కాసేపు మాట్లాడలేదు. తరువాత అన్న మాటలు నాకు అక్షరం అక్షరం గుర్తున్నాయి. "నేను చోరీ అన్నానా బేటా? రోక్ లియా అన్నాను. ఆపినవాడు రేపు ఇయ్యొచ్చు. దొంగ అన్నాక ఇస్తాడా? నా నోట రాని మాట నా నోట్లో పెట్టకు తల్లీ. పరాయి దేశంలో నాకున్నది నా మాట ఒక్కటే."

యజమాని నాతో మర్యాదగానే మాట్లాడాడు. జీతం ఎగవేయలేదనీ, ఆమె ఉన్న గదికి అద్దె మినహాయించుకున్నాననీ చెప్పాడు. ఇది మాకు క్రొత్త సంగతి. సంపాదకురాలు నన్ను ఆ రాష్ట్రపు నిబంధనలు చదవమన్నది. బస ఇచ్చినందుకు దాని విలువను కనీసవేతనంలో జమకట్టుకోవాలంటే, పనివారు ముందుగా, స్వచ్ఛందంగా వ్రాతపూర్వకంగా ఒప్పుకొని ఉండాలని అందులో ఉన్నది. ఖాలాను అడిగాను. అటువంటి కాగితం మీద తాను ఎప్పుడూ సంతకం చేయలేదన్నది. కాగితం ఉంటే చూపమని యజమానిని అడిగాము. ఆయన మళ్లీ ఫోను చేయలేదు.

ప్రసారమైన వార్తలో "దొంగిలించాడు" అన్న మాట లేదు. "ఆపివేశాడు" అన్న ఆమె మాట ఉన్నది. అద్దె అన్న ఆయన మాట ఉన్నది. కాగితం అడిగినా రాలేదన్న మా మాట ఉన్నది. నేను వ్రాసిన వాక్యమే ప్రసారమై ఉంటే, ఆయన "నేను దొంగను కాను" అని ఒక్క మాటతో త్రోసిపుచ్చేవాడు. ఆమె అబద్ధాలకోరుగా మిగిలేది. మెత్తనిదని నేను చులకన చేసిన మాటే ఆ పేదరాలి పక్షాన గట్టిగా నిలబడింది. జీతం అందని పనివారు ఆ రాష్ట్రపు లేబర్ కమిషనర్ కార్యాలయంలో వకీలు లేకుండానే ఫిర్యాదు చేసుకోవచ్చు; ఏ వీసా మీద ఉన్నారన్న ప్రశ్నతో దానికి నిమిత్తం లేదు. ఆ సంగతి కూడా ప్రసారంలో చెప్పాము. ఖాలా ఫిర్యాదు దాఖలు చేసింది. నేను విమానమెక్కేనాటికి అది విచారణకు రాలేదు.

తిరిగివచ్చే ముందు ఒక ఆదివారం సముద్రపు పాయ క్రిందుగా పోయే రైలెక్కి శాన్‌ఫ్రాన్సిస్కో వెళ్లాను. అక్కడ వుడ్ స్ట్రీట్ ఐదవ నంబరు దగ్గర గదర్ స్మారక భవనం ఉన్నది. 1913 నవంబరు 1న ఆ నగరంనుండి "గదర్" పత్రిక తొలి సంచిక వెలువడింది. అది ఉర్దూలో వెలువడిందని ఎంతమందికి తెలుసు? గురుముఖి సంచిక ఆ తరువాతి నెలలో వచ్చింది. లాలా హరదయాళ్ సంపాదకుడు. బర్క్‌లీలో చదువుకోవడానికి వచ్చిన కర్తార్ సింగ్ సరాభా ముద్రణ పనిలో చేయి కలిపాడు. 1915లో లాహోరులో ఉరికంబమెక్కేనాటికి అతనికి పంతొమ్మిదేళ్లు. కాలిఫోర్నియా పొలాల్లోనూ, కోతమిల్లుల్లోనూ చెమటోడ్చిన పంజాబీ కూలీలు ఇచ్చిన చందాలతో ఆ పత్రిక నడిచింది. దేశదేశాలకు ఉచితంగా వెళ్లింది. మన తెలుగువాడు దరిశి చెంచయ్య కూడా కాలిఫోర్నియాలో చదువుకుంటూ ఆ పార్టీలో చేరినవాడే. ఆయన ఆత్మకథ "నేనూ - నా దేశం" ఇక్కడ చదివి వెళ్లి ఉంటే ఆ వీధిని ఇంకా బాగా చూసి ఉండేదాన్ని. నేను ఏదో క్రొత్త విద్య కోసం అంత దూరం వెళ్లాననుకున్నాను. నూరేళ్ల క్రితమే మనవారు ఉర్దూ అక్షరాలతో, కూలీల పైసలతో అక్కడ ఆ పని చేసి ఉన్నారు!

ఇంటికి వస్తే ఇక్కడా అదే కథ. మందుముల నరసింగరావు నడిపిన "రయ్యత్" ఉర్దూ పత్రిక. ఒక తెలుగువాడు ఉర్దూలో నిజాం ప్రభుత్వాన్ని ప్రశ్నించాడు, పత్రిక మూతపడింది. అందులో పనిచేసిన షోయబుల్లా ఖాన్ "ఇమ్రోజ్" పత్రిక పెట్టి రజాకార్ల దౌర్జన్యాలను ఖండించి, 1948 ఆగస్టులో హైదరాబాదు వీధిలో హత్యకు గురి అయ్యాడు. మన కళాశాలలో ఒకే కప్పు క్రింద చదువుకుంటున్న ఈ రెండు భాషలూ అటువంటి మనుషులను కన్నాయి. ఐదు డాలర్ల దాతలూ, చందాల కూలీలూ, ప్రాణాలిచ్చిన సంపాదకులూ మనకు అప్పగించిన మాటను, సౌకర్యం కోసం పెంచడానికి గాని తగ్గించడానికి గాని నాకేమి హక్కున్నది?

ఇటువంటి సంస్థలన్నీ పుణ్యక్షేత్రాలని చెప్పడం నా ఉద్దేశం కాదు. శ్రోతల సొమ్ముతో నడిచే కె.పి.ఎఫ్.ఎ.లోనే 1999 జూలైలో పై అధికారవర్గం సిబ్బందిని బయటికి పంపి తలుపులు మూసింది. వేలాది శ్రోతలు వీధుల్లోకి వచ్చిన తరువాతే ఆ తలుపులు తెరుచుకున్నాయి. లాభాపేక్ష లేకపోవడం ఒక్కటే స్వాతంత్ర్యానికి పూచీ కాదు. ఇక భృతి ఇవ్వని చోట ఇంటర్న్‌గా చేరగలిగేది ఇంట్లో కలిమి ఉన్నవారే. పేదపిల్లలు చేరలేని వార్తాలయంలో పేదల మాట తెలిసినవారు ఎక్కడినుండి వస్తారు? ఆనాడు భృతి లేకపోతే నేను వెళ్లి ఉండేదాన్ని కాను. ఖాలా మాట వినేవారూ ఉండేవారు కారు.

విద్యార్థి మిత్రులారా! ఈ పని నేర్చుకోవడానికి సముద్రాలు దాటనక్కరలేదు. పి. సాయినాథ్ 2014లో ప్రారంభించిన గ్రామీణ భారత ప్రజాభాండాగారం, "పరి", తెలుగులోనూ ఉర్దూలోనూ కథనాలు వెలువరిస్తూ విద్యార్థులకు ఇంటర్న్‌లుగా అవకాశమిస్తూ వచ్చింది. సంగారెడ్డి జిల్లా మాచనూరులో దళిత స్త్రీలు నడిపే సంఘం రేడియో 2008నుండి తమ యాసలోనే మాట్లాడుతున్నది. కళాశాల కమిటీ పెద్దలకు నాదొక మనవి. వేసవి సెలవుల్లో ఇటువంటి చోట్లకు ఏడాదికి ఇద్దరు పిల్లలను పంపి, వారి దారిఖర్చులకూ తిండికీ సరిపడే చిన్న నిధి ఒకటి ఏర్పాటు చేయండి. ఉర్దూ, తెలుగు రెండూ తెలిసిన పిల్లల అవసరం ఆ గదులకు ఎంత ఉన్నదో నేను కళ్లారా చూశాను.

అబ్బాజాన్‌కు ఇచ్చిన మాట ప్రకారం, వచ్చిన రాత్రే ఖాలా కథ చెప్పాను. ఆయన సైకిళ్ల దుకాణం నడుపుతారు. వినడం అయ్యాక చాలాసేపు ఊరుకుని, "మన దుకాణంలోనూ అంతే కదా. ఎవరైనా బండి ఇచ్చి పోతే, బాగుచేసి ఆ బండే తిరిగి ఇవ్వాలి. బాగుందని వేరే బండి ఇస్తే ఊరుకుంటారా?" అన్నారు.

నేను ఆరు నెలల్లో నేర్చుకున్నది ఆయనకు అర్థమైందని నాకప్పుడు నిశ్చయమైంది.